ఏడేళ్ల వాడి భార్యాబిడ్డలు

2018 జూన్, బడులు తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం. సండే స్కూల్ అయిపోవస్తోంది. ముగింపు ప్రార్థన ఎవరు చేస్తారని అడిగితే ముందు వరసలోంచి ఒక బుడ్డోడు చెయ్యెత్తాడు. వాడికి ఏడేళ్లు. కళ్లు గట్టిగా మూసుకుని, గొంతు కాస్త బొంగురు చేసుకుని అందుకున్నాడు. "మహా పరిశుద్ధుడవైన తండ్రీ, కృపగల మా దేవా, ఈ సమయమందు నీ సన్నిధికి వచ్చియున్నాము తండ్రీ..." ఊపిరి పీల్చుకోవాల్సిన ప్రతి చోటా ఒక "స్తోత్రం తండ్రీ". రెండు నిమిషాలు ఎక్కడా తడబడలేదు. చివరికొచ్చి "నా ఉద్యోగములో తోడైయుండి, నా భార్యాబిడ్డలను దీవించుమని అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్" అన్నాడు.

పిల్లలందరూ ఆమేన్ అన్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పి పడీపడీ నవ్వాను. అంట్లు తోముతుంటే మాత్రం ఒక సంగతి గుర్తొచ్చింది. ఇరవై రెండు మంది పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు. అంటే ఒక్కరూ వినలేదు. వాడు కూడా.

నాది ఒంగోలు. పెళ్లయి మద్రాసులోని పెరంబూరు వచ్చాను, ఆయనకి రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో ఉద్యోగం. మా తెలుగు క్రైస్తవ సంఘంలో అన్ని రకాల వాళ్లూ ఉంటారు. రైల్వే వాళ్లు, నాలుగు తరాలుగా మద్రాసు వీధులు ఊడుస్తున్న కుటుంబాలు, మొన్న మొన్న నెల్లూరు నుంచి వచ్చినవాళ్లు. మందిరం వెనక రేకుల గది, రెండు ఫ్యాన్లు, ఒకటే తిరుగుతుంది. అయిదేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా అందరూ ఒకే చాప మీద. "నువ్వు బీఈడీ చేశావు కదమ్మా" అని పాస్టరమ్మగారు ఈ క్లాసు నాకు అప్పగించారు. ఆ ఏడు పాఠం ప్రార్థన. ఎంతలే, ఆరు వారాల్లో ముగించేస్తాననుకున్నాను.

పుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టాను: స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విన్నపం. బోర్డు మీద నాలుగు గళ్లు గీశాను. వారం తిరక్కుండా నాలుగూ అప్పజెప్పేశారు. ఎక్కాలు అప్పజెప్పినట్టే.

యేసు శిష్యులకి నేర్పిన పరలోక ప్రార్థన దగ్గర అసలు సంగతి బయటపడింది. అందరికీ నోటికొచ్చు, ఒక్కరికీ అర్థం తెలియదు. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న దగ్గర ఆపి, ఇక్కడ మనం ఏం అడుగుతున్నామని అడిగాను. మూడో క్లాసు పిల్ల టక్కున "హారం" అంది. ఏ హారమే? "అమ్మకి పెళ్లిలో పెట్టింది. దినమూ ఒకటి." దాని తప్పేముంది, అది విన్నది "అనుదినా, హారము" అని. ఇంకొకడికి "నీ చిత్తము" అంటే చిత్తప్పా, అంటే తమిళంలో బాబాయి. పరలోకంలో దేవుడికొక తమ్ముడున్నాడనే వాడు ఇన్నాళ్లూ అనుకుంటున్నాడు.

చూసి చదువుకుంటే ఈ తంటా ఉండదు కదా అని తెలుగు బైబిలు చేతికిస్తే తలకిందులుగా పట్టుకున్నారు. ఇక్కడ 2006లో చట్టం వచ్చింది. పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి, ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకింది. తమిళం నేర్చుకోవాల్సిందే, ఈ ఊళ్లో బతికేవాళ్లం. కానీ తెలుగు అక్షరం మా పిల్లలకి అమ్మమ్మ సంచిలో ఉండే బైబిల్లో తప్ప ఇంకెక్కడా కనపడకుండా పోయింది. పైగా తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం, ప, బ లకీ ఒకటే. "ఇన్ని అక్షరాలు ఎందుకక్కా, వేస్టు" అన్నాడొకడు.

దాంతో ప్రార్థన పాఠం పక్కన పెట్టి అరగంట ముందు రమ్మని అఆలు దిద్దించడం మొదలుపెట్టాను. సండే స్కూల్లో ఓనమాలేంటని ఒకరిద్దరు పెద్దలు సణిగారు. సండే స్కూలు పుట్టిందే ఓనమాలతో. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్ అనే ఊళ్లో రాబర్ట్ రేక్స్ అనే పత్రికాయన, వారమంతా పనిలో మగ్గే పిల్లలకి ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కటేనని, ఆ రోజు చదవడం నేర్పించే ఏర్పాటు చేశాడు. ఈ ముక్క చెప్పాక సణుగుడు తగ్గింది. పూర్తిగా పోలేదు లెండి.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని చుక్కల చార్టు. గోడకి అట్ట అంటించి, గొంతెత్తి ప్రార్థన చేసినవాళ్లకి పేరు పక్కన బంగారు రంగు స్టిక్కరు పెట్టాను. మూడు వారాలకి ప్రార్థనలు సాగడం మొదలైంది. ఒక పిల్ల ప్రధానమంత్రి నుంచి వీధి చివర ఇస్త్రీ బండి అతని దాకా అందరినీ దీవించి, ఒక కన్ను తెరిచి నా చేతిలో స్టిక్కరుందో లేదో చూసుకుని ఆమేన్ అంది. మాట పెగలని పిల్లాడొకడు ఉండేవాడు, కాస్త నత్తి. వాడి పేరు పక్కన ఖాళీ అట్టే మిగిలింది. ఒక ఆదివారం పేపరు పెన్సిలు పట్టుకుని ఆ ఖాళీలో చుక్కలు గీసుకుంటూ కనపడ్డాడు. వీధి మూలల్లో నిలబడి మనుషులు చూడాలని ప్రార్థించేవాళ్ల గురించి మత్తయి ఆరో అధ్యాయం కంఠతా పట్టించిందీ నేనే, ఆ వీధి మూల కట్టిందీ నేనే. అట్ట చింపేశాను.

వాడి కోసమే హన్నా కథ ఎత్తుకున్నాను. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో ఆమె పెదవులు కదులుతాయి, గొంతు మాత్రం వినపడదు. యాజకుడు ఏలీ చూసి తాగొచ్చిందనుకుంటాడు. ఇవాళ మనం ఇలా చేద్దాం, పెదాలు కదపండి, శబ్దం రాకూడదు అన్నాను. గదంతా చేపల తొట్టిలా అయింది. "అక్కా, దేవుడికి లిప్ రీడింగ్ వస్తుందా?" అని ఒక ప్రశ్న. వస్తుందన్నాను. నత్తి పిల్లాడు అందరికంటే ఆలస్యంగా కళ్లు తెరిచాడు. మొదటిసారి వాడి ప్రార్థన అందరికంటే పొడుగు.

ఇంకో వారం, నువ్వు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థన చేయి అన్న మాట చెబుతున్నాను. హౌసింగ్ బోర్డు క్వార్టర్స్ నుంచి వచ్చే ఐదో క్లాసు అమ్మాయి, "మా ఇంట్లో తలుపు బాత్రూముకే ఉండాది అక్కా" అంది. ఒకటే గది, అందులో ఆరుగురు. దేవుడి దయ వల్ల నాకు మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తల్లి సుసన్నా గుర్తొచ్చింది. పంతొమ్మిది మందిని కన్న మనిషి. ఇంట్లో మూల దొరక్క, వంట చేసేటప్పుడు కట్టుకునే ఏప్రన్ నెత్తి మీదికి లాక్కుని ప్రార్థన చేసేదని చెబుతారు. అది చూస్తే పిల్లలు ఆమె జోలికి వెళ్లేవాళ్లు కాదట. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు. మళ్లీ వారం వాళ్లమ్మ నన్ను పట్టుకుంది. "ఏం నేర్పించావమ్మా, ఇది రాత్రిపూట తువ్వాలు నెత్తిమీదేసుకుని మూల కూర్చుంటా ఉంటే వాళ్ల తాత దడుసుకున్నాడు!"

అప్పుల దగ్గర ఎక్కువ రోజులు పట్టింది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." మిషను బడిలో తమిళంలో చెప్పేవాళ్లు "కడన్" అన్నారు, అప్పు అని వాళ్లకి తెలుసు. కాన్వెంటులో ఇంగ్లీషులో చెప్పేవాళ్లకి అక్కడ "ట్రెస్‌పాసెస్" ఉంటుంది. "రైలు పట్టాల దగ్గర బోర్డు మీద రాసుంటుందే, లోపలికొస్తే ఫైను అని" అన్నాడు రైల్వే క్వార్టర్స్ పిల్లాడు. నా మటుకు నాకు అప్పు మాటే బాగుంటుంది. పిల్లలకి అప్పు ఇంట్లో చూసిన వస్తువు. వీధి చివర కొట్టాయన దగ్గర పద్దు పుస్తకం ఉంటుంది, నెలాఖరున అమ్మ డబ్బులిస్తే ఆయన అడ్డగీత కొడతాడు. అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, మీకు ఎవరెవరు ఏం బాకీ ఉన్నారో రాయమన్నాను. కంపాస్ పెట్టె విరగ్గొట్టినవాడు, కబడ్డీలో తోసినవాడు, నల్లపిల్ల అన్న టీచరు. ఇప్పుడు, డబ్బులు రాకపోయినా సరే, గీత కొట్టేయగలిగితే కొట్టేయండన్నాను. చాలామంది కొట్టేశారు. నల్లపిల్ల అని రాసిన అమ్మాయి పెన్సిలు కింద పెట్టేసింది. "నేను కొట్టను." సరే, కాగితం నీ దగ్గరే పెట్టుకో అన్నాను. ఏడాదో ఏమో అది ఆ పిల్ల బైబిల్లోనే ఉంది. ఇప్పుడుందో లేదో నేనడగలేదు.

చేతివేళ్ల పద్ధతి చాలామందికి తెలిసిందే, పొడిగా చెప్పేస్తాను. బొటనవేలు మన దగ్గరివాళ్లకి, చూపుడువేలు దారి చూపించేవాళ్లకి, మధ్యవేలు అధికారంలో ఉన్నవాళ్లకి, ఉంగరంవేలు బలం లేనివాళ్లకి, చిటికెనవేలు మనకి. ఉంగరంవేలు బలహీనమైనదంటే ఎవరూ నమ్మలేదు. కీబోర్డు నేర్చుకునే కుర్రాడు చూపించాడు: అరచెయ్యి బల్లమీద బోర్లించి, మధ్యవేలు లోపలికి మడిచి, మిగిలినవి ఒక్కొక్కటీ ఎత్తాలి. ఉంగరంవేలు లేవదు. ప్రయత్నించి చూడండి. ఆ రోజు ఆరాధనలో వాక్యం జరుగుతున్నంతసేపూ పెద్దవాళ్లు కూడా బెంచీల మీద వేళ్లు ఎత్తుకుంటూ కూర్చున్నారు.

2019 ఎండాకాలం. మద్రాసులో ఆ ఏడు పడ్డ నీళ్ల కష్టం మీకు గుర్తుండే ఉంటుంది. ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులన్నీ ఎండిపోయాయి. మా వీధిలో లారీ ఎప్పుడొస్తుందో తెలియక రాత్రి రెండింటికి బిందెలు వరసలో పెట్టేవాళ్లం. అంతకుముందు వారమే అనుదినాహారం గురించి ఒక వాదన నడిచింది. "ఈ రోజుకి మాత్రం అడగడమెందుకు, మా మమ్మీ నెలకి సరిపడా ఒకేసారి కొంటుంది" అని. నిర్గమకాండం పదహారులో మన్నా సంగతి, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు ఆకాశం నుంచి కురిపించిన ఆహారం సంగతి చెప్పాను. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, దాచుకుంటే పురుగు పట్టేది, విశ్రాంతి దినానికని ఆరో రోజు మాత్రం రెండింతలు. ఎవరికీ ఎక్కలేదు. బిందెల వరసలో నిలబడ్డాక ఎక్కింది. ఇవాళ్టికి రెండు బిందెలు, రేపటి సంగతి రేపు. ఆ నెలల్లో పిల్లల ప్రార్థనల్లో "మహా పరిశుద్ధుడవైన" రాలిపోయింది. "యేసయ్యా, లారీ రాత్రి రాకుండా సాయంత్రం రావాలి. నాకు నిద్రొస్తాది." అంతే, ఆమేన్. మన బుడ్డోడిదే ఆ ప్రార్థన. భార్యాబిడ్డల ఊసు లేదు.

జూలై 12న జోలార్‌పేట నుంచి మా పక్కనే ఉన్న విల్లివాక్కానికి నీళ్ల రైలొచ్చింది. 50 వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. వాళ్ల నాన్నతో వెళ్లి చూసొచ్చిన పిల్లాడు, దేవుడు రైల్వేలో చేరాడని క్లాసులో ప్రకటించాడు.

విన్నపాల డబ్బా కూడా ఆ రోజుల్లోనే పెట్టాను. చెప్పలేని సంగతులుంటే చీటీ రాసి వేయండి, పేరు వద్దు అని. రెండో వారమే తప్పు చేశాను. చీటీలు తీసి వరసగా పైకి చదువుతూ పోయాను. ఒకటి: "రాత్రి మా డాడీ మమ్మీని అరవకుండా ఉండాలి." పేరు లేదు. కానీ చీటీ చినిగింది ఏ నోట్సులోంచో పక్కన కూర్చున్న పిల్లకి తెలుసు. మధ్యాహ్నానికి సంఘమంతా తెలిసింది. వాళ్లు రెండు నెలలు మందిరానికి రాలేదు. వాళ్లింటికి వెళ్లాను. ఆమె తలుపు సగం తెరిచి, "మా ఇంటి సంగతి దేవుడికి చెప్పమని పంపిస్తే మైకులో చెప్పినట్టు చేశావమ్మా" అంది. మైకు లేదు గానీ ఆమె అన్నది నిజమే. అప్పట్నుంచి డబ్బా తెరవను. చీటీలు అలాగే ఉంటాయి, డబ్బా మీద చెయ్యి పెట్టి అందరం ప్రార్థన చేస్తాం. నిండితే పిల్లలే ఖాళీ చేసి కాల్చేస్తారు.

2021 మేలో కరోనా వల్ల క్లాసు ఫోన్లలో. మా క్లాసులో అన్నాచెల్లెళ్లిద్దరు తాత కోసం పదకొండు రోజులు ప్రార్థన చేశారు. పన్నెండో రోజు ఆయన పోయారు. ఇంటికి ఫోన్ చేసిన పెద్దమనిషి ఒకాయన, విశ్వాసంతో అడిగితే జరిగేది, ఎక్కడో కొరత ఉందన్నాడట. ఇది విన్నప్పుడు నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. తొమ్మిదేళ్ల పిల్ల నా వల్లే తాత పోయాడా అని అడుగుతోంది. ఆ ఆదివారం నేర్పించడానికి నా దగ్గర పెద్ద జవాబేం లేదు. గెత్సేమనే తోటలో యేసు ఈ గిన్నె తీసేయమని అడిగాడు, తీయలేదు. పౌలు తన ఒంట్లో ముల్లు పోవాలని మూడుసార్లు వేడుకున్నాడు, పోలేదు. వాళ్లకి విశ్వాసం తక్కువా? అని మాత్రం అడిగాను. తెర మీద గళ్లల్లో అందరూ గమ్మునున్నారు. చిన్నది అంది: "మరి యేసయ్య ఏడ్చాడా?" ఏడ్చాడన్నాను. వాళ్లన్న వీడియో ఆపేసుకున్నాడు. వాడు మళ్లీ ప్రార్థన చేయడానికి ఏడాది పైన పట్టింది. నేను తొందర పెట్టలేదు.

మా ఊరి కొండ కథ ఆ తర్వాతే చెప్పాను. ఒంగోలులో చిన్న గుట్ట, ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1, తెల్లవారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ఇక్కడి విశ్వాసులు ముగ్గురు, మొత్తం అయిదుగురు ఆ కొండెక్కి మోకరించారు. ఫలితం లేదు, తెలుగు మిషను మూసేద్దామని అమెరికాలో పెద్దలు మాట్లాడుకుంటున్న రోజులవి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అంతకుముందు భయంకరమైన కరువు. అప్పటి ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టి కూలి దొరికేలా చేశాడు. కూటి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు.

పిల్లలకి బాప్తిస్మాల లెక్క కంటే కాలువ నచ్చింది. "మన బేసిన్ బ్రిడ్జి కింద నల్లగా కంపుకొడతాదే, అదా!" అదేనన్నాను, అదే కాలువ, ఒంగోలు వైపు ఒక ముక్క. తాత పోయిన ఆ పిల్లాడు, చిన్నదాని అన్న, మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఇరవై నాలుగేళ్లు. ఆ అయిదుగురిలో ముందే చనిపోయినవాళ్లు ఉంటే?" ఉంటే చూసుండరు అన్నాను. "అది అన్యాయం కదక్కా." కాదని నేను అనలేకపోయాను.

2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను. వ్యాసర్పాడి, పెరంబూరు వీధుల్లో నడుము లోతు నీళ్లు, మూడు రోజులు కరెంటు లేదు. మందిరం వెనక గదిలో నీళ్లు చాప మీదుగా పోయి బోర్డు కింద గీత దాకా వచ్చాయి. ఆదివారం తరగతి లేదు, చీపుర్లు పట్టుకుని పిల్లలే వచ్చారు. మన బుడ్డోడు ఇప్పుడు పన్నెండేళ్లవాడు, మోకాళ్ల దాకా బురద. "అక్కా, 2019లో వాన కావాలని అడిగింది మనమే కదా. ఇప్పుడు వద్దని ఎట్ల అడిగేది?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ జవాబు కోసం ఆగాడు. నాకు తోచలేదు. బకెట్టు అందుకో అన్నాను.

విన్నపాల డబ్బా షెల్ఫు కింది అరలో ఉండేది. మూత తీస్తే సగం నీళ్లు. చీటీలు ముద్దయిపోయాయి. ఒక్కొక్కటీ విడదీసి కిటికీ గట్టు మీద పరిచాం. జెల్ పెన్నుతో, స్కెచ్ పెన్నులతో రాసినవన్నీ నీలం మరకలు. పెన్సిలుతో రాసినదొక్కటే నిలిచింది. అక్షరాలు తెలుగువి, పెద్దపెద్దవి, ఒత్తు ఒకటి పక్కకి జారి ఉంది. కళ్లు మొదటి మాట మీద పడేలోపు బుడ్డోడు నా వైపు చూశాడు. చీటీ తిరగేసి, తడి ఆరేదాకా మీద చిన్న రాయి పెట్టాను.